ఊళ్ళో దొరకని సోడా

మద్యనిషేధం రోజుల్లో మా స్టీలు టౌన్‌షిప్పులో ఆరోగ్యంగా ఉన్న మగాడు కనబడేవాడు కాదు. అంతకుముందు దాకా ఫర్నేసు దగ్గర షిఫ్టు షిఫ్టంతా నిలబడి, ఇంటికొచ్చి కోడిపలావు తిని, వాలీబాల్ ఆడిన దిట్టమైన మనుషులు. నిషేధం రాగానే అందరికీ ఒక్కసారిగా గుండెదడ, నిద్రలేమి, నరాల నీరసం పట్టుకున్నాయి. జబ్బులు వేరైనా మందు ఒకటే. ఆ మందు పుచ్చుకోకపోతే ప్రాణానికి ముప్పని డాక్టరు రాసిస్తే పర్మిట్ వచ్చేది. మా వెనక క్వార్టరాయన తన పర్మిట్‌కి లామినేషన్ చేయించి, పర్సులో పిల్లల ఫొటో పక్కన పెట్టుకు తిరిగేవాడు. నిషేధం ఎత్తేశాక అందరి జబ్బులూ వారంలో నయమయ్యాయి. ఆ అద్భుతం గురించి ఏ వైద్యుడూ వ్యాసం రాయకపోవడం నాకిప్పటికీ ఆశ్చర్యమే.

మా ఆయన మాత్రం తాగడు. తాగేవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ వేరుశనగలు తింటాడు. "నేను ముట్టనే" అని ఇంటికొచ్చి చెబుతుంటే మీసాల్లో కారప్పూస కనిపించేది.

ఈ పర్మిట్ల గొడవ ఎందుకెత్తానంటే, మన దగ్గర చట్టానికి తలుపు మూయడం ఒక్కటే తెలుసు. మనవాళ్ళకి కిటికీలన్నీ తెలుసు. నిషేధం పోయింది కానీ ఇంకో నియమం మిగిలింది. మందు అమ్ముకోవచ్చు, దానికి ప్రకటన ఇవ్వకూడదు. చాలా గొప్ప నియమం. అది విన్న మందు కంపెనీలన్నీ బుద్ధిగా తలూపి, ఒక్కసారిగా సంగీతం మీద పడ్డాయి. ఒక బ్రాందీ కంపెనీ కేసెట్లు వేసింది. ఒక విస్కీ కంపెనీ పేకముక్కలు అచ్చేసింది. ఇంకొకరు మంచినీళ్ళకి దిగారు. పేరు అదే, రంగు అదే, అక్షరాల వంపు కూడా అదే. బొమ్మలో సీసా మాత్రం లేదు. తెర వెనక నిలబడి "నేనిక్కడ లేను" అని అరిచే పిల్లాడిలా ఉండేది యవ్వారం. క్రికెట్ మ్యాచ్ మధ్యలో ఆ కేసెట్ల ప్రకటన వచ్చినప్పుడల్లా నేను మా ఆయన్ని అడిగేదాన్ని: "ఇంత ప్రచారం చేస్తున్నారు, ఆ కేసెట్‌లో ఒక్క పాటైనా ఎప్పుడైనా విన్నారా?"

"విన్నానేమో, గుర్తులేదు."

"మీ స్నేహితులు?"

"వాళ్ళు విన్నారు కానీ, వాళ్ళకీ పొద్దున్నకి గుర్తుండదు" అనేవాడు. ఆయన అమాయకంగా అన్నాడో వెటకారంగా అన్నాడో తేల్చుకోవడం ఇన్నేళ్ళ కాపురంలోనూ నా వల్ల కాలేదు.

ఈ కేసెట్ల దాకా నేను నవ్వుకునే ఊరుకున్నాను. పెద్దవాళ్ళు తాగుతారు, పెద్దవాళ్ళు చస్తారు, వాళ్ళ ఖర్మ. రెండువేలు దాటాక, మా అమ్మాయి డిగ్రీలో చేరిన ఏడు, గాజువాక వెళ్ళే దారిలో కాలేజీ బస్సులు ఆగే చోట ఒక బోర్డు లేచింది. అప్పటి నుంచి నవ్వు రాలేదు.

మామూలు బోర్డు కాదు. పోర్టులో లంగరేసిన ఓడలో ముక్క కోసి తెచ్చి నిలబెట్టినట్టుండేది. దాని మీద ఇద్దరు పిల్లలు. ఒక కుర్రాడు, ఒక పిల్ల, మీసమూ మొటిమా కూడా ఇంకా సరిగా తెలియని వయసు. సముద్రంలోకి దూకుతున్నారు, గాల్లో ఉన్నారు, నవ్వుతున్నారు. వాళ్ళ చేతుల్లో ఏమీ లేదు. కింద మూలలో ఎర్రది, నారింజది, ఆకుపచ్చది, మూడు నీటిచుక్కలు. పెద్ద అక్షరాలతో ఒక పేరు. ఆ పేరు ఇక్కడ రాయను, రాస్తే నేనూ వాళ్ళకి ఉచితంగా బోర్డు కట్టినదాన్నవుతాను. పేరు కింద చిన్నగా "సోడా" అని. దాని కింద, "చల్లగా మొదలెట్టు!"

ఏం మొదలెట్టాలి? సోడా తాగడం అనేది ఎవరైనా మొదలెట్టే పనా? మొదలెడితే ఎక్కడ ముగుస్తుంది? ఎర్ర సోడా ఏమిటి? పొద్దున్నే పుస్తకాలు గుండెలకి హత్తుకుని బస్సు కోసం నిలబడ్డ పిల్లలందరూ ఆ బోర్డు నీడలో నిలబడేవారు. వైజాగ్ ఎండలో అక్కడ ఉన్న నీడ అదొక్కటే మరి. ఆ మహానుభావులు నీడ కూడా చూసుకునే స్థలం ఎంచారు.

ఆ రోజుల్లోనే ఆనందపురం దగ్గర ఊరి నుంచి మా అత్త కంటి పరీక్షకని వచ్చి మా ఇంట్లో ఉంది. ఆవిడకి జీవితంలో రెండే సమస్యలు. ఒకటి నేను, రెండు గ్యాస్. చేపల పులుసు తిన్నాక ఆవిడకి సోడా పడి తీరాలి. నిమ్మకాయ పిండి, ఉప్పేసి, గోలీ కొట్టిన సోడా. ఊళ్ళో అయితే సోడాబండివాడు ఆవిడ ఇంట్లో చేపలు వండిన వాసనకే వచ్చి గుమ్మంలో నిలబడతాడట. కంటాసుపత్రి నుంచి వస్తూ బస్టాపులో దిగినప్పుడు, కొత్త కళ్ళద్దాలతో ఆవిడ మొట్టమొదట చూసింది ఆ బోర్డునే.

"అదేటే?"

"సోడా అట."

"ఓలమ్మ! సోడాకే అంత బొమ్మేసినారేటి? అయితే మంచి సోడాయే అయ్యుంటాది. నాకది తెచ్చిపెట్టు."

"అది సోడా కాదత్తా."

"నీకన్నిట్లోనూ అనుమానమే. అంత కర్సెట్టి బొమ్మేసినోడు సెడ్డ సోడా సేత్తాడేటి?"

నేను చదువుకున్నదాన్ని. పోర్టు క్వార్టర్స్‌లో పెరిగి, బి.ఏ. పొలిటికల్ సైన్సు చదివి, కాలేజీ డిబేటింగులో కప్పు తెచ్చుకున్నదాన్ని. నాకు ఆ క్షణంలో అనిపించింది, ఈవిడ కోరికే అసలైన పరీక్ష అని. బోర్డులో రాసిన మాటని అక్షరాలా నమ్మి, డబ్బులు పట్టుకుని బజారుకి వెళ్ళే మనిషి ఈ జిల్లాలో మా అత్త ఒక్కతే. "పదత్తా, కొనిపెడతాను" అన్నాను.

టౌన్‌షిప్పు కిరాణాలో లేదు. గాజువాకలో అడిగాం, లేదు. మర్నాడు ఆవిడ పట్టు వదలక జగదాంబ సెంటరు దాకా లాక్కెళ్ళింది. కూల్‌డ్రింకు షాపులో కుర్రాళ్ళు మమ్మల్ని చూసి మోచేతులతో పొడుచుకున్నారు. "మామ్మగారికేనా ఆంటీ?" అన్నాడొకడు. పూర్ణా మార్కెట్ దగ్గర ఒక పెద్ద కిరాణా ఆయన మాత్రం నిజం చెప్పాడు.

"ఆ సోడా మాకు రాదమ్మా."

"ఎందుకు రాదు? ఊరంతా బోర్డులు పెట్టారు కదా!"

"బోర్డు మీదే ఉంటాదమ్మా అది."

"మరెక్కడ దొరుకుతుంది?"

ఆయన ఎదురుగా రోడ్డవతలికి చూసి, మళ్ళీ మా అత్త నెరిసిన తల చూసి, పప్పు తూచడంలో మునిగిపోయాడు. రోడ్డవతల వైన్ షాపుంది.

నేను తటపటాయించాను. ఆవిడ తటపటాయించలేదు. "నాను బ్రాందీకెల్తన్నానేటి? సోడాకెల్తన్నాను" అంటూ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని రోడ్డు దాటేసింది. కౌంటరు ముందు గుంపు రెండుగా చీలి దారిచ్చింది. మగాళ్ళు అంత మర్యాదగా దారివ్వడం నేను గుడి దగ్గర కూడా చూడలేదు. ఆ చీలికలో నాకు మా ఆయన సెక్షన్లో పనిచేసే మనిషి ఎదురుపడ్డాడు.

"నమస్తే వదినా. నేను ఊరికే... సోడా కోసం..."

"మేమూ అందుకే వచ్చాం అన్నయ్యా" అన్నాను. ఆ ఒక్క రోజు మాత్రం ఆ మాట అక్షరాలా నిజం.

షాపతను ఫ్రిజ్‌లోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. అరచేతిలో ఒదిగిపోయే సీసా, లోపల నారింజరంగు ద్రవం. పేరు అదే. మూడు నీటిచుక్కలు అవే. సోడా అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. బదులుగా అడుగున, చీమ కూడా కళ్ళద్దాలు పెట్టుకుని చదవాల్సిన అక్షరాలతో, ఆల్కహాలు ఎంతుందో రాసి ఉంది.

మా అత్త సీసాని వెలుతురుకెత్తి చూసింది. "ఇది పసిగుంటలకి జొరానికిచ్చే మందులాగుందేటి?"

"అలాగే ఉండాలి మామ్మా. చేదుంటే పిల్లలు తాగరు" అన్నాడతను, చాలా సహజంగా.

"ఏ పిల్లలు?" అన్నాను.

"కాలేజీ పిల్లలమ్మా. ఇంకెవరు? పెద్దోళ్ళు దీన్ని ముట్టుకోరు, షర్బత్తంటారు. ఆడపిల్లలు కూడా ఎవర్నో పంపి తెప్పించుకుంటారు. ఇది కొన్నాళ్ళు తాగితే తర్వాత ఇదిగో, పై అరలోకి వాళ్ళే వస్తారు. మేం పిలవక్కర్లేదు."

బోర్డు మీది 'మొదలెట్టు'కి అర్థం నాకు ఇంత స్పష్టంగా ఏ ప్రొఫెసరూ చెప్పలేడు. అతని వెనక గోడ మీద, ఇరవై ఒకటి నిండనివారికి అమ్మబడదు అని ఎర్రరంగుతో రాసి ఉంది. చూపించాను. "మరి అదో?"

"రాసే ఉంది కదమ్మా. చదువుకున్న పిల్లలే, చదువుకునే కొంటారు."

మా అత్త ఆ సీసాని తిరిగి బల్ల మీద పెట్టి, చేయి చీరకి తుడుచుకుంది. బస్సులో కూర్చున్నాక అంది: "మా ఊళ్ళో సారా కొట్టోడు నయమే. గుంటల్ని సూత్తే కర్రట్టుకు తరిమీవోడు."

ఆ వారమంతా నేను ఆఫీసుల చుట్టూ తిరిగాను. బోర్డులకి అనుమతులిచ్చే ఆఫీసులో ఒకాయన నా అర్జీ చదివి, బోర్డు పొడవు, వెడల్పు, అది గాలికి పడకుండా ఉండటం వరకే తమ బాధ్యత అన్నాడు. "దాని మీద ఏముందో మాకు సంబంధం లేదమ్మా."

"రేపు దాని మీద మీ బొమ్మ వేసి కింద గాడిద అని రాస్తే?"

"అప్పుడు చూస్తాం" అన్నాడు, కొంచెం ఆలోచించి.

మద్యం వ్యవహారాలు చూసే ఆఫీసులో ఇంకా చక్కని సమాధానం దొరికింది. వాళ్ళ అధికారమంతా సీసాలో ఉన్న దాని మీదట. "బోర్డు మీద ఉన్నది సోడా. సోడా మా శాఖ కాదు."

"ఆ సోడా ఊళ్ళో ఎక్కడా లేదండీ. తిరిగి చూశాను."

"లేని వస్తువు మీద మేం చర్య ఎలా తీసుకుంటాం, మీరే చెప్పండి?"

పొలిటికల్ సైన్సులో ఈ పాఠం లేదు. బోర్డు ఒకరిది, సీసా ఒకరిది, రెండింటికీ మధ్యనున్న పిల్లలు మాత్రం ఏ శాఖకీ చెందరు.

ఇంటికొచ్చేసరికి నా ఇల్లే నాకోసం ఒక సమాచారం సిద్ధం చేసి ఉంచింది.

మా అమ్మాయి గురించి చెప్పాలి. చిన్నప్పుడు చుట్టాలొస్తే ఫ్రిజ్ వెనక దాక్కునే పిల్ల. తరగతిలో పేరు పిలిస్తే "ప్రెజెంట్" అన్న మాట కూడా పక్కపిల్ల అనాల్సి వచ్చేది. వాదనలో ఇల్లెక్కి కూసే నా కడుపున ఇంత మౌనం ఎలా పుట్టిందని మా అత్త నన్ను దెప్పేది. అలాంటిది, డిగ్రీకొచ్చాక ఏమైందో, ఎవరు తట్టి లేపారో, కాలేజీ వార్షికోత్సవానికి యాంకరింగ్ చెయ్యడానికి పేరిచ్చింది, ఎంపికైంది. మైకు పట్టుకుని కాలేజీ మొత్తం ముందు నిలబడుతుంది. మా ఆయన ఆ ఆనందంలో వేరుశనగలు సొంత డబ్బుతో కొన్నాడు. రోజూ సాయంత్రం అద్దం ముందు దువ్వెన పట్టుకుని సాధన చేసేది. నేను వంటింట్లో చప్పుడు చెయ్యకుండా గరిటె తిప్పుతూ వినేదాన్ని. గొంతు బాగుంది. నాలా గీరుగొంతు కాదు.

ఆ సాయంత్రం అద్దం ముందు నుంచి ఇలా వినిపించింది: "ఈ కార్యక్రమాన్ని మీకు సమర్పిస్తున్నవారు..." తర్వాత ఆ పేరు. తర్వాత కొంచెం ఊరిస్తూ, నవ్వుతూ, "చల్లగా మొదలెట్టు!"

గరిటె పట్టుకునే వెళ్ళాను.

"ఏమిటది?"

"స్పాన్సరమ్మా. ప్రతి ఐటమ్ ముందూ చెప్పాలి."

"ఏం అమ్ముతారో తెలుసా వాళ్ళు?"

"సోడా. నువ్వు మొదలెట్టకు ప్లీజ్. అది లీగలే. మా సార్ కూడా చెప్పారు."

"లీగలే. మన వెనక క్వార్టరాయన గుండెదడ కూడా లీగలే."

"అందరికీ తెలుసమ్మా అది ఏంటో. ఎవరూ మోసపోవట్లేదు. స్టేజీ, లైట్లు, సౌండు, అన్నీ వాళ్ళవే. వాళ్ళు లేకపోతే ప్రోగ్రామే లేదు."

"ప్రోగ్రాం లేకపోతే ఊరు మునుగుతుందా?"

అది అనకూడదని అన్నాక తెలిసింది. దువ్వెన మంచం మీద పడేసింది. "నువ్వెళ్ళి ప్రిన్సిపాల్‌తో గొడవ పెట్టుకుంటే ఇంక జన్మలో నాకు మైకు ఇవ్వరు. నీకు మాట్లాడ్డం పుట్టుకతో వచ్చింది. నాకు ఇప్పుడే వస్తోంది. అది నీకర్థం కాదు."

వరండాలోంచి మా అత్త తీర్పిచ్చింది: "ఓసి కోడలా, గుంట ఇన్నాల్టికి నోరిప్పింది. ఇప్పినప్పుడు దాని నోట్లో ఏటెట్టినారో సూడాల గానీ, నోరే మూసీకు."

రెండూ నిజమే. అదే చిక్కు. వెళ్ళకపోతే నా బిడ్డ గొంతు ఆ నారింజ సీసాకి అంటించిన లేబులవుతుంది. వెళ్తే ఆ గొంతు మళ్ళీ ఫ్రిజ్ వెనక్కి పోవచ్చు. ఆలోచించాను. చాలా ఆలోచించాను. ఆలోచించి, నేను ఎప్పుడూ చేసే పనే చేశాను. వెళ్ళాను.

ప్రిన్సిపాల్ మంచి మనిషి. మంచివాళ్ళతో వాదించడం కష్టం, అన్నిటికీ ఒప్పుకుంటూ ఏదీ చెయ్యరు. ఆయన పక్క కుర్చీలో, టై కట్టుకున్న ఒక యువకుడు కూర్చుని ఉన్నాడు. కంపెనీ తరఫు మనిషట. నేను బస్టాపు దగ్గర్నుంచి పూర్ణా మార్కెట్ దాకా అంతా చెప్పాను. ప్రిన్సిపాల్ బాధగా తలూపుతూ, "నిజమే మేడమ్, నిజమే" అన్నాడు. టై అబ్బాయి మాత్రం నవ్వుతూ విన్నాడు.

"మేడమ్, మాది సోడానే. డిస్ట్రిబ్యూషన్ కొంచెం వీకు, అంతే."

నాకు డిబేటింగ్ కప్పు గుర్తొచ్చింది. బల్ల మీద చెయ్యి చరిచి అన్నాను: "అయితే ఒక్క సీసా సోడా చూపించండి. నా కళ్ళ ముందు ఆ పేరుతో ఒక్క సోడా సీసా ఉంటే ఇంక నోరెత్తను."

"ప్రామిసా మేడమ్?"

"మాటంటే మాటే."

ఎంత తెలివైన దాన్ని! ప్రత్యర్థికి గెలిచే దారి నేనే చూపించి, తలుపు తీసి పట్టుకున్నాను.

వార్షికోత్సవం నాడు కాలేజీ మైదానం గేటు పక్కనే ఒక గుడారం. గుడారం నిండా ట్రేలు. ట్రేల నిండా సోడాలు. తెల్లటి, నిజమైన, బుడగలొచ్చే సోడాలు, ప్రతి సీసా మీదా ఆ పేరు. ఉచితం. టై అబ్బాయి స్వయంగా రెండు సీసాలు తెచ్చి మా అత్తకీ నాకూ ఇచ్చాడు. "మీ కోసమే మేడమ్" అన్నాడు. కంపెనీ పుట్టాక మొట్టమొదటి సోడా నా కోసం తయారైందన్నమాట. ఒక్క రోజు ఆయుష్షుతో.

మా అత్త ఆబగా సగం తాగింది. దీర్ఘంగా ఒక తేనుపు తేన్చి, "బాగుంది" అంది. తర్వాత సీసా తిప్పి చూసింది. లేబులు వంకరగా ఉంది, జిగురు ఇంకా తడిగా ఉంది. గోటితో గీకింది. అరటితొక్కలా ఊడొచ్చింది. దాని కింద ఇంకో లేబులు.

"ఓలమ్మోలమ్మ! ఇది మా తగరపలస సోడా కాదేటి? నాను సంతకెల్లినప్పుడల్లా తాగుతాను. రుసి సూసే అనుకున్నాను!"

నేను ఆ సీసా పట్టుకుని మొదటి వరుసలో ఉన్న ప్రిన్సిపాల్ దగ్గరికి దాదాపు పరుగెత్తాను. ఆయన రెండు లేబుళ్ళూ చూశాడు. బాధగా తలూపాడు. "మేడమ్, సోడా చూపించమన్నారు. చూపించారు" అన్నాడు.

వచ్చి కూర్చున్నాను. జీవితంలో నేను ఓడిపోయిన వాదనలు తక్కువ. నా మాటతోనే నన్ను కట్టేసిన వాదన అదొక్కటే.

మా అమ్మాయి స్టేజీ మీదికొచ్చింది. నీలం రంగు చుడీదారు. మైకు ముందు ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో నాకు మా ఇంటి ఫ్రిజ్ కనిపించింది. తర్వాత నోరు తెరిచింది. అంతే, ఇంక వెనక్కి చూడలేదు. అల్లరి కుర్రాళ్ళు ఈలేస్తే వాళ్ళకి తగిన జవాబిచ్చి నవ్వించింది, డాన్సు పిల్ల చెప్పు జారిపోతే దాన్ని కూడా ఒక ఐటమ్ చేసింది. ప్రతి ఐటమ్ ముందూ ఆ పేరు, ఆ "చల్లగా మొదలెట్టు!" కూడా చెప్పింది. చక్కగా చెప్పింది. పిల్లలందరూ కలిసి అరిచేవారు. నాకు గర్వంతో కళ్ళు చెమర్చేవి, వెంటనే ఒళ్ళు మండేది. ఈ రెండూ ఒకేసారి రావచ్చని ఆ రోజు దాకా నాకు తెలియదు.

మధ్యలో నాటిక నడుస్తుండగా మంచినీళ్ళకని మా దగ్గరికొచ్చింది. నేను ఒట్టేసుకున్నాను కదా, నోరెత్తలేదు. మా అత్త ఎవరికీ ఒట్టేయలేదు. లేబులు గీకిన సీసా మనవరాలి చేతిలో పెట్టింది. "సూడే, సొక్కా మార్చుకుంది తగరపలస సోడా."

అది సీసా చూసింది. నన్ను చూసింది. తిరిగి స్టేజీ ఎక్కింది. తర్వాతి ఐటమ్ ముందు కాగితం మడిచి పక్కన పెట్టేసింది.

"ఫ్రెండ్స్, ఒక చిన్న ప్రశ్న. ఈ సోడాని మీరెవరైనా ఎప్పుడైనా ఏ కిరాణాలోనైనా కొన్నారా? కొన్నవాళ్ళు చేతులెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. నవ్వులు మొదలయ్యాయి. నేను కుర్చీ అంచుకి వచ్చేశాను.

"మరి ఇన్ని బోర్డులున్నాయి కదా, ఈ సోడా ఎక్కడ దొరుకుతుంది?"

"వైన్... షాపులో!" మైదానం మొత్తం ఒకే గొంతుతో అరిచింది. చప్పట్లు, ఈలలు. ఎవడో "ఆరెంజ్!" అన్నాడు, ఇంకెవడో "రెడ్!" అన్నాడు, ఆ రెండు జట్లూ పోటీపడి అరవడం మొదలెట్టాయి. ప్రిన్సిపాల్ కళ్ళు మూసుకున్నాడు. టై అబ్బాయి మాత్రం లేచి నిలబడి, చేతులు పైకెత్తి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. వాడి ముఖంలో అంత వెలుగు నేను గుడారం దగ్గర కూడా చూడలేదు. ఇంత ప్రచారం ఏ బోర్డు చేస్తుంది?

మా అమ్మాయి ముఖం వాడిపోయింది. అది గుచ్చుదామని వేసిన ప్రశ్న, వాళ్ళకి పూలదండై పడింది. అక్కడ మోసపోయినవాళ్ళెవరూ లేరు, ఉన్నది మా అత్త ఒక్కతే. ఆ సోడా ముసుగు పిల్లల కోసం కాదు, చట్టం కోసం. పిల్లలకి ముసుగు చూస్తే ఇంకా సరదా. చాటుగా తెలిసిన రహస్యం కంటే పిల్లల్ని లాగేది ఇంకేముంది? దాన్ని బడి గోడల లోపలికి తెచ్చి, ఉచితంగా, గురువుల సాక్షిగా పంచిపెట్టారు.

అయినా పిల్ల మైకు వదల్లేదు. గొంతు సవరించుకుని తర్వాతి ఐటమ్ పిలిచింది. చివరిదాకా ఐటమ్ పేర్లు మాత్రమే చెప్పింది. ఆ పేరు ఇంక పలకలేదు. పక్కనుంచి లెక్చరరొకాయన కాగితం చూపిస్తూ సైగలు చేస్తూనే ఉన్నాడు. అది ఆయన వైపు తిరగనే లేదు.

అయిపోయాక, గేటు దగ్గర, టై అబ్బాయి ఎదురొచ్చాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. విజిటింగ్ కార్డు తీశాడు.

"సూపర్ టాలెంట్ మేడమ్ మీ అమ్మాయికి. ఆ క్వశ్చన్ అయితే అదిరిపోయింది. సండేస్ బీచ్ రోడ్‌లో ఈవెంట్స్ చేస్తున్నాం. మంచి ప్లాట్‌ఫారం. కంటిన్యూగా మైకు ఉంటుంది."

నేను నోరు తెరిచాను. నా దగ్గర చాలా ఉన్నాయి, వరసగా పేర్చి ఉన్నాయి. మా అమ్మాయి నన్ను మోచేత్తో ఆపింది. కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది. 'కంటిన్యూగా మైకు' అన్న మాట దానికి తగలకపోలేదు, నాకు తెలుసు. ఆ కార్డు దాని వేళ్ళ మధ్య కొంచెం ఎక్కువసేపే ఉంది.

"నాకు వయసు చాలదండీ" అంది.

"అదేం లేదమ్మా, ఎయిటీన్ ఉంటే చాలు."

"కొనుక్కోడానికి చాలని వయసు, అమ్మిపెట్టడానికి మాత్రం ఎలా చాలుతుందండీ?"

వాడు నవ్వాడు. "నువ్వు అమ్మేది సోడానే కదమ్మా!"

అది వాడి కార్డు వాడి జేబులోనే పెట్టింది. వాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. మేం బస్సెక్కాం.

మా అత్త కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయింది. ఆ వయసు ప్రశ్న నాకెందుకు తట్టలేదా అని నేను లోలోపల కుళ్ళుకుంటున్నాను. అన్ని ఆఫీసులు తిరిగానే, ఒక్కచోటైనా ఆ ఒక్క మాట అడిగి ఉంటే! మా అమ్మాయి ముందు సీటు ఊచ పట్టుకుని అంది.

"వచ్చే ఏడు నన్ను పిలవరు."

"పిలవరు" అన్నాను. ఓదార్పుకి అబద్ధమాడటం నాకు రాదు. నిజంగానే పిలవలేదు కూడా.

"అమ్మా, నేను బాగా చెప్పానా?"

"చాలా బాగా చెప్పావు. అదే నా భయం. నువ్వు చెబితే ఎవరైనా ఏదైనా తాగేస్తారు."

"మొదటి వాక్యం దగ్గర ఆపడం రాదా నీకు?" అంది, కిటికీ వైపు తిరిగి.

గాజువాక దాకా నేనింకేమీ మాట్లాడలేదు. అది నాకెంత కష్టమో దానికి తెలుసు. మా స్టాపు వచ్చేసరికి నా చేతిసంచీ అదే పట్టుకుని ముందు దిగింది.